స్పాంజి లిపిడ్లలో (కొవ్వు పదార్థాల్లో) 22:6 (22 కార్బన్లు, 6 ద్విబంధాలున్న కొవ్వు ఆమ్లం) దాటాక ఏమీ రావట్లేదు, ఫ్రీ ఫాటీ ఆసిడ్ (విడి కొవ్వు ఆమ్లం) మాత్రం విపరీతం

ఉప్పుగాలి:
తమిళనాడు తీరంలోని మండపం ఊరి దగ్గర అనుమతితో సేకరించిన ఒక డెమోస్పాంజి (స్పాంజిల్లో ఒక పెద్ద వర్గం), ఒక సిన్యులేరియా (మెత్తని పగడం). ఐసులో ల్యాబుకి తెచ్చి, ముక్కలు కోసి, రాత్రంతా మిథనాల్‌లో నానబెట్టి, మర్నాడు క్లోరోఫారం కలిపాం. టీఎల్‌సీలో (పలుచని పొర మీద పదార్థాలను విడదీసే పరీక్ష) ఫ్రీ ఫాటీ ఆసిడ్ మచ్చ మందంగా ఉంది. ఫాస్ఫోలిపిడ్ (ఫాస్ఫేటు ఉన్న లిపిడ్) ప్లేటు మీద (క్లోరోఫారం, మిథనాల్, నీరు 65:25:4) పీఈకి (ఫాస్ఫటిడైల్ ఇథనాలమైన్) పైన తెలియని మచ్చ ఒకటి. కొవ్వు ఆమ్లాల మిథైల్ ఎస్టర్లను జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) వ్యాక్స్ కాలమ్ మీద 240 డిగ్రీల దాకా నడిపితే 22:6 తర్వాత పీకులు లేకుండా బేస్‌లైనే. సి24 (24 కార్బన్లు), ఆ పైన ఆమ్లాలు ఎటు పోయాయండీ?

గాజుకుప్పె:
ఇవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది ఎంజైములది. ఐసులో ఉన్నా లైపేజులు (లిపిడ్లను తెంచే ఎంజైములు) ఆగవు, ఫ్రీ ఆసిడ్ అక్కడిదే. ఫాస్ఫోలైపేజ్ డి (ఫాస్ఫోలిపిడ్లను తెంచే ఎంజైము) ఉంటే మిథనాల్‌నే పట్టుకుని ఫాస్ఫటిడైల్‌మిథనాల్ తయారుచేస్తుంది. మీ తెలియని మచ్చ అదే కావచ్చు. కోసిన వెంటనే 0.01 శాతం బీహెచ్‌టీ (ఆక్సీకరణను ఆపే రసాయనం) కలిపిన 75 డిగ్రీల ఐసోప్రొపనాల్‌లో వేసి 15 నిమిషాలు ఉంచండి, ఆ తర్వాతే క్లోరోఫారం–మిథనాల్. ఆ ఐసోప్రొపనాల్‌ని పారబోయకండి, అందులోనూ లిపిడ్ ఉంటుంది, చివర్లో కలిపేయాలి.

బ్లై–డయర్ (క్లోరోఫారం, మిథనాల్, నీటితో లిపిడ్ తీసే పద్ధతి) కొలతలు కూడా సరిచూసుకోండి. 10 గ్రాముల తడి కణజాలంలో సుమారు 8 మి.లీ. నీరుంటే క్లోరోఫారం 10, మిథనాల్ 20 మి.లీ.; తర్వాత క్లోరోఫారం 10, నీరు 10. ఫ్రీజ్ డ్రై చేసిన పొడికి ఆ 8 మి.లీ. నీళ్ళు మనమే పొయ్యాలి. చాలామంది మర్చిపోయేది ఇదే, అప్పుడు పొరలు సరిగా విడిపోవు. జిగురు వల్ల ఎమల్షన్ కడితే నీటి బదులు 0.88 శాతం పొటాషియం క్లోరైడ్ వాడండి. సముద్రపు ఉప్పు మిగిలిందంటే మీ దిగుబడి లెక్క అబద్ధమే.

పీక్‌వేట:
రెండో సమస్య కాలమ్‌ది. డెమోస్పాంజిల సి24–సి30 ఆమ్లాలు వ్యాక్స్ మీద 240 దగ్గర ఎంతో ఆలస్యంగా, వెడల్పుగా వస్తాయి. రన్ ముందే ఆపేస్తే తర్వాతి ఇంజెక్షన్‌లో దిబ్బల్లా లేస్తాయి. పాత క్రొమటోగ్రాములు తీసి చూడండి, కనిపిస్తాయి. 5 శాతం ఫినైల్ కాలమ్ (30 మీ., 0.25 మి.మీ.), 150 నుంచి 310 దాకా నిమిషానికి 4 డిగ్రీలు, చివర 15 నిమిషాలు హోల్డ్, ఇంజెక్టర్ 300 డిగ్రీలు పెట్టి నడపండి.

ఆ ఆమ్లం 5,9 డైయీన్ (5, 9 కార్బన్ల దగ్గర ద్విబంధాలున్నది) అని తేల్చడానికి మిథైల్ ఎస్టర్‌లో ఎం/జెడ్ (మాస్ స్పెక్ట్రంలో ద్రవ్యరాశి, ఆవేశాల నిష్పత్తి) 81 బలంగా ఉండటం ఒక సూచన మాత్రమే. పిరోలిడైడ్ (ఆమ్లాన్ని పిరోలిడిన్ తో కలిపిన రూపం) చెయ్యండి: పిరోలిడిన్, ఎసిటిక్ ఆమ్లం 10:1, 100 డిగ్రీలు, గంట నుంచి రెండు గంటలు. ఎం/జెడ్ 180 స్పష్టంగా నిలబడితే 5,9 అన్నమాట.

సిన్యులేరియాలో మాత్రం 5,9 ఆమ్లాల కోసం వెతకొద్దు. అక్కడ చూడాల్సినవి 24:5 ఎన్-6 (ఒమేగా-6), 24:6 ఎన్-3 (ఒమేగా-3). ఇవి ఆక్టోకోరల్స్ (మెత్తని పగడాలు చేరే వర్గం) గుర్తు; గట్టి పగడాల్లో ఉండవు.

గాజుకుప్పె:
ఎంజైములు ఎప్పుడూ శత్రువులే అనుకోకండి. కరీబియన్ ఆక్టోకోరల్ ప్లెక్సౌరా హోమోమల్లాలో 1969లో ప్రోస్టాగ్లాండిన్లు (కొవ్వు ఆమ్లాల నుంచి తయారయ్యే హార్మోన్ లాంటి పదార్థాలు) దొరికాయి, అవి ఎక్కువగా ఎసిటేట్ మిథైల్ ఎస్టర్ల రూపంలో ఉంటాయి. పగడాన్ని నూరి నీళ్ళలో ఒక రోజు వదిలేస్తే దాని ఎంజైములే ఎస్టర్లను తెంచి పీజీఏ2 (ప్రోస్టాగ్లాండిన్ ఏ2) ఇస్తాయి. అదే పని క్షారంతో చెయ్యబోతే పీజీఏ2 కాస్తా పీజీబీ2 (ప్రోస్టాగ్లాండిన్ బీ2) అయిపోతుంది.

ఉప్పుగాలి:
గ్లైకోస్ఫింగోలిపిడ్లలోని (చక్కెర కలిసిన ఒక రకం లిపిడ్లు) ఆమ్లాలు కూడా ఈ మిథైలేషన్‌లోనే వస్తాయా? బీఎఫ్3 (బోరాన్ ట్రైఫ్లోరైడ్)–మిథనాల్, 10 నిమిషాలు చేశాం.

పీక్‌వేట:
రావండి. అవి అమైడ్ బంధంతో ఉంటాయి. తడి మిథనాల్‌లో 1 మోలార్ హెచ్‌సీఎల్, 75 డిగ్రీలు, 18 గంటలు పెట్టాలి. ఒకినావా స్పాంజి అగెలాస్ మారిషియానస్ లోని అగెలాస్ఫిన్ల (ఒక రకం గ్లైకోస్ఫింగోలిపిడ్లు) లాంటివి వెతుకుతుంటే అసలు మిథైలేట్ చెయ్యకండి, ముందు సిలికా మీద విడదీసి ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం తేల్చే పరీక్ష) తియ్యండి. చక్కెర బంధం ఆల్ఫానా బీటానా (ఏ దిశలో ఉంది) అన్నది జీసీ చెప్పదు.