కర్ణుడి చావుకు కారణాలెన్నో: ఆ లెక్క చెప్పింది ఎవరికి?

నిన్న గుంపులో ఒకరు అడిగిన ప్రశ్న: "మా ఆఫీసులో ఏ ప్రాజెక్టు చెడినా మా పైఅధికారి 'కర్ణుడి చావుకు కారణాలెన్నో' అని ఒక్క ముక్కలో మీటింగు ముగించేస్తారు. ఇంతకీ ఆ కారణాలేమిటి? ఎవరైనా లెక్క కట్టారా?"

కట్టారు. పెద్దవాళ్ల నోట వినబడే ఈ కందంలో ఉంది ఆ లెక్క:

నరవర! నీచే నాచే
వరమడిగిన కుంతిచేత వాసవుచేతన్
ధరచే భార్గవుచేతను
నరయంగాఁ గర్ణుఁ డీల్గె నార్గురిచేతన్

"నీచేతను నాచేతను" అని ఎత్తుకునేవాళ్లూ ఉన్నారు గానీ, మిగతా మూడు పాదాల్లో ప్రాస 'ర' కాబట్టి "నరవర" అంటేనే కుదురుతుంది. ఈల్గడం అంటే చనిపోవడం. నువ్వు, నేను, కుంతి, ఇంద్రుడు, భూమి, పరశురాముడు, మొత్తం ఆరుగురం కలిస్తే కర్ణుడు చచ్చాడు అని కృష్ణుడు అర్జునుడితో అంటున్న మాట.

ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఆరు అనే అంకె కాదు, ఎదురుగా నిలబడి వింటున్న మనిషి. ఇది గెలిచినవాడికి చెప్పిన లెక్క. "నేనే చంపాను" అని విర్రవీగకు, నీ వాటా ఆరింట ఒకటి అని చెప్పడం. మనం దాన్ని తిప్పేసి, ఓడినవాడి తరఫున వాడుతున్నాం. ఎలక్షన్లో ఓడినా, వ్యాపారం మునిగినా ఇదే మాట. కారణాలు బోలెడు కాబట్టి ఎవరి తప్పూ లేదన్నమాట! పద్యం అలా అనలేదు.

ఇంకో సంగతి. ఆరుగురూ బయటివాళ్లే. కర్ణుడి పేరు ఆ జాబితాలో లేదు. కానీ ఆ ఆరుగురిలో ఎవరికి దారి ఎలా దొరికిందో చూస్తే, తలుపు తీసింది చాలాసార్లు కర్ణుడే.

పరశురాముడి దగ్గర "నేను భార్గవ బ్రాహ్మణుణ్ణి" అని అబద్ధం చెప్పి చేరాడు. గురువు కర్ణుడి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఒక పురుగు వచ్చి తొడ తొలిచింది. కదిలితే గురువుకి నిద్రాభంగమని పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. నెత్తురు తగిలి పరశురాముడు లేచి, ఇంత బాధ ఓర్చుకునేవాడు బ్రాహ్మణుడు కాడు, నిజం చెప్పు అన్నాడు. అబద్ధం చెప్పింది నోరు, బయటపెట్టింది ఓర్పు. అవసరమైనప్పుడు అస్త్రం గుర్తుకు రాదన్న శాపం ఆ ఓర్పు తెచ్చిందే. వంద మంది శిష్యుల్లో ఎవరైనా ఉలిక్కిపడి లేచేవాళ్లు, బతికిపోయేవాళ్లు.

ఇంద్రుడి సంగతైతే సూర్యుడు ముందే కలలో వచ్చి హెచ్చరించాడు. బ్రాహ్మణ వేషంలో వస్తాడు, కవచకుండలాలు అడుగుతాడు, ఇవ్వకు అని. కర్ణుడు తెలిసే ఇచ్చాడు. కీర్తి పోతే బతుకెందుకన్నాడు. దాన్ని మోసపోవడం అనలేం.

కుంతికి మాటిచ్చిందీ అంతే. నీకు ఎప్పుడూ ఐదుగురు కొడుకులే, అర్జునుడితోనో నాతోనో అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. యుద్ధంలో నకులుడు చేతికి చిక్కితే మెడలో విల్లు తగిలించి, నాలుగు మాటలని వదిలేశాడు. ధర్మరాజు చిక్కినా, భీముడు చిక్కినా ప్రాణం తీయలేదు.

అన్నిటికన్నా పెద్ద తలుపు ఉద్యోగపర్వంలో ఉంది. రాయబారం ముగించుకుని వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని పుట్టుక రహస్యం చెప్పాడు. నువ్వే పెద్దవాడివి, రాజ్యం నీదే, తమ్ముళ్లు నీ కాళ్లు పడతారు అన్నాడు. పుట్టగానే ఏట్లో వదిలిన పరిస్థితి, సూతపుత్రుడని రంగం మీద నవ్విన పరిస్థితి అన్నీ ఆ ఒక్క పూటలో తలకిందులయ్యాయి. కర్ణుడు ఒప్పుకోలేదు. నన్ను పెంచింది అధిరథుడు, రాధ. దుర్యోధనుడు నన్ను నమ్మి యుద్ధానికి దిగాడు. ఈ సంగతి ధర్మరాజుకి మాత్రం చెప్పకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను తీసుకెళ్లి దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అన్నాడు. దుర్యోధనుడి మెప్పు కోసం పాండవుల్ని అన్న కటువు మాటలకు ఇప్పుడు కుమిలిపోతున్నానని కూడా ఆ సంభాషణలోనే ఒప్పుకున్నాడు. ఓడిపోతామని తెలుసు. తెలిసీ వెనక్కి వెళ్లాడు.

అందుకే "పాపం, పరిస్థితులు" అని కర్ణుణ్ణి జాలిపడి వదిలేస్తే నాకు నచ్చదు. అలా చేస్తే ఆయన ఎంచుకున్నవన్నీ ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నట్టే. మంచీ, చెడూ రెండూ. ద్రౌపదిని సభలో అన్న మాటలకు కూడా మరి కర్ణుడే కర్త. రథచక్రం కూరుకుపోయి, ధర్మం కోసం ఒక్క క్షణం ఆగమని అడిగినప్పుడు కృష్ణుడు లక్కఇల్లు, నిండు సభ, అభిమన్యుడు, ఒక్కొక్కటీ ఎత్తి "అప్పుడు ఎక్కడికి పోయింది నీ ధర్మం?" అని అడిగాడు. కర్ణుడు సిగ్గుతో తల వంచుకున్నాడు, జవాబు చెప్పలేదు.

వ్యాఖ్య: ధర అంటే భూమి, సరే. భూమికి కర్ణుడి మీద కోపం ఎందుకండీ?

జవాబు: రెండు కథలున్నాయి. జనంలో ఉన్నది: ఒక పాప నెయ్యి ఒలకబోసుకుని ఏడుస్తుంటే కర్ణుడు ఆ మట్టిని పిడికిట్లో పిండి నెయ్యి తీసిచ్చాడు, నొప్పి పుట్టిన భూదేవి శపించింది. వ్యాసభారతంలో ఇది లేదు. అక్కడ పొరపాటున ఒక బ్రాహ్మణుడి హోమధేనువును చంపితే, యుద్ధంలో భూమి నీ రథచక్రాన్ని మింగుతుందని ఆయన శపించాడు. పద్యం చెప్పినవారి మనసులో ఏది ఉన్నా, ఒకే మాటలో రెండూ ఇముడుతున్నాయి. జానపద కథ మరీ నిష్ఠూరం, పాపం పసిదాని ఏడుపు మాన్పినందుకు శాపం!

వ్యాఖ్య: ఆరుగురేనా? మా తాతగారు శల్యుణ్ణి, భీష్ముణ్ణి కూడా కలిపేవారు.

జవాబు: మీ తాతగారిది శాంతిపర్వం లెక్క. అక్కడ నారదుడు ధర్మరాజుకు చెబుతాడు: బ్రాహ్మణుడి శాపం, పరశురాముడి శాపం, కుంతికిచ్చిన వరం, ఇంద్రుడి మాయ, భీష్ముడు అర్ధరథుడని (సగం యోధుడని) చేసిన అవమానం, శల్యుడు తేజస్సు తగ్గించడం, కృష్ణుడి నీతి, ఆపైన అర్జునుడు సంపాదించిన దివ్యాస్త్రాలు. అదీ గెలిచినవాడికే చెప్పింది చూడండి, కాకపోతే అన్నను చంపుకున్నామని ఏడుస్తున్నవాడికి.

వ్యాఖ్య: చరిత్రలో ఈ సామెత సరిగ్గా అతికే మనిషి ఎవరు?

జవాబు: నన్నడిగితే విజయనగరాన్ని ఏలిన అళియ రామరాయలు. దక్కన్ సుల్తానుల్లో ఒకరి మీదికి ఇంకొకర్ని ఎగదోయడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. పైకొచ్చింది ఆ చాకచక్యంతోనే. చివరికి 1565లో తళ్లికోట యుద్ధానికి వాళ్లను ఆయన మీద ఒక్కటి చేసిందీ అదే. అందులో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా, మన కవులు మల్కిభరాముడన్న ఆయన, రాజు కాకముందు ఏడేళ్లపాటు విజయనగరంలో రామరాయల నీడనే తలదాచుకున్నాడు. ఆ యుద్ధంలోనే పట్టుబడ్డ రామరాయల తల తీయించింది అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాంషా.

వ్యాఖ్య: శల్యసారథ్యం అంటాం కదా, వెంట ఉంటూనే వెన్ను విరిచేవాణ్ణి. అసలు కారణం శల్యుడే అని నా ఉద్దేశం.

జవాబు: శల్యుణ్ణి సారథిగా కావాలని అడిగిందే కర్ణుడు. కృష్ణుడికి సాటి సారథి నాకూ ఉండాలన్నాడు. శల్యుడు దారి పొడుగునా సూటిపోటి మాటలన్నది నిజమే, ధర్మరాజుకు అలా మాటిచ్చి మరీ వచ్చాడు. కానీ ఒక్కచోట సరైన సలహా ఇచ్చాడు. కర్ణుడు సర్పముఖ బాణం ఎక్కుపెట్టి అర్జునుడి మెడకు గురి చూస్తుంటే, ఇది మెడకు తగలదు, మళ్లీ చూసి తల తెగేలా సంధించు అన్నాడు. కర్ణుడు బాణం రెండోసారి సంధించడు అని జవాబిచ్చి వదిలేశాడు. కృష్ణుడు రథాన్ని కిందికి నొక్కాడు, బాణం కిరీటాన్ని ఎగరగొట్టుకుపోయింది. ఆ బాణంలో దూరిన పాము అశ్వసేనుడు తిరిగొచ్చి, ఈసారి చూసి వెయ్యి, చంపేస్తాను అని బతిమాలితే, ఒకరి బలంతో గెలవను పొమ్మన్నాడు. ఇందులో శల్యుడి తప్పెక్కడుంది చెప్పండి.