"కాచి యతుకవచ్చు"నా, "కాల్చి యతుకవచ్చు"నా?

కొలిమిగట్టు: ఫ్రిక్షన్ స్టర్ వెల్డింగ్ మీద, అంటే గిర్రున తిరిగే పనిముట్టుతో లోహపు రేకులు అతకడం మీద, తెలుగులో నాలుగు పేజీలు రాస్తున్నాను. 1991లో ఇంగ్లండులో పుట్టిన పద్ధతి. మొదట వేమన "ఇనుము విరిగెనేని" పద్యం పెడదామని కూర్చుంటే రెండో పాదం దగ్గర పేచీ వచ్చింది. నా నోటికి వచ్చింది "కాచి". మా ఆవిడ "కాల్చి" అంటోంది. ఏది సరి? ఈ పద్ధతిలో లోహం కరగదు, అందుకే నాకీ పట్టింపు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. ఇక్కడ ఆ పనిముట్టు రాపిడికి లోహం నాలుగైదు వందల దాకా వేడెక్కి మెత్తబడుతుంది, అంతే.

ఆటవెలది: ఛందస్సు తేల్చదు. రెండూ గలమే (ఒక గురువు, ఒక లఘువు), యతి రెంటికీ చెల్లుతుంది. ముందు మూడో పాదం చెప్పండి. "మరి యంట నేర్చునా", "మరి చేర్చరాదయా", ఏది మీ పాఠం? అసలు గొడవ అక్కడుంది.

పెనం: కాగు–కాచు, కాలు–కాల్చు. నీళ్లు కాగుతాయి, కట్టె కాలుతుంది. కాలింది బూడిదవ్వాలి. ఇనుము అవ్వదు. కాబట్టి కాచి.

పాతపుస్తకం: "కర్రు కాల్చి వాత పెట్టడం" వినలేదా? ఏ కర్రు బూడిదైంది?

పెనం: అది తిట్టు. తిట్టులో వ్యాకరణం వెతక్కండి.

పాతపుస్తకం: వేమనలో సగం తిట్లే కదండీ! ఎవరి దగ్గరైనా సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు అచ్చువేసిన 1829 ప్రతి ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి. అసలు విశ్వదాభిరామలో అభిరాముడు కంసాలి అని కథ ఉంది. కొలిమి పక్కన కూర్చున్నవాడి మాట అది.

కొలిమిగట్టు: కంసాలి కాదు, ఇక్కడ కమ్మరి కావాలి. కమ్మరి కొలిమిలోనూ ఇనుము కరగదు. బాగా కాగాక రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి పెట్టి సమ్మెటతో కొడతారు. చల్లారితే మళ్లీ కొలిమిలోకి. "ఇరుమారు ముమ్మారు" అంటే అదే.

ఆటవెలది: బాగుంది. "క్రమముగాను" మాత్రం ఉత్త పాదపూరణం.

కొలిమిగట్టు: ఒప్పుకోను. నా ఉద్యోగమంతా ఆ మాటలోనే ఉంది! నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలి, ఎంత వేగంతో ముందుకు నడపాలి, ఎంత బరువుతో నొక్కాలి. చుట్లు ఎక్కువై నడక తగ్గితే వేడి ముదిరి అంచు వెంట లోహం పొంగి బయటికొస్తుంది. నడక ఎక్కువైతే లోపల సొరంగంలా ఖాళీ మిగులుతుంది, పైకి మాత్రం అతుకు నున్నగా కనిపిస్తుంది. మూడింటికీ మూడేసి స్థాయిలు పెడితే 27 ప్రయోగాలు. కొన్ని కలయికలే ఏరి చూసే టాగుచి పట్టికతో 9 చాలంటారు. ఆ తొమ్మిది అతుకులూ లాగి తెంపి, బలం కొలిచి, లెక్కకట్టి సూత్రం రాస్తారు. కానీ చుట్లూ నడకా ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో తొమ్మిదిలో విడిగా తేలదు. నేనైతే 27కే ఓటేస్తాను, రేకులు దండగైనా సరే.

సంగటిముద్ద: అవన్నీ సరే, "స్టర్"ని తెలుగులో ఏమన్నారు?

కొలిమిగట్టు: "కలిపే".

సంగటిముద్ద: పప్పూ అన్నమా కలపడానికి? కరగలేదు, గట్టిగానూ లేదు, ముద్దలా ఉందన్నారు. మా సీమలో సంగటి గెలుకుతాం. కట్టె తిరిగేకొద్దీ ముద్ద దాని వెనక్కి చేరుతుంది. "రాపిడి గెలుకుడు అతుకు" అనండి.

పెనం: గెలుకుడు అంటే లేని తగాదా తేవడం.

సంగటిముద్ద: మీరు పొద్దుట్నించీ చేస్తున్నది అదే కదన్నా.

పాతపుస్తకం: "ఒరిపిడి" బాగుంటుంది. రాపిడిలో బాధ ధ్వనిస్తుంది.

కొలిమిగట్టు: ఒరిపిడి అనగానే గీటురాయి గుర్తొస్తుంది. మళ్లీ కంసాలి దగ్గరికే తీసుకెళ్లారు. ప్రస్తుతానికి "కాచి" అని రాసి పంపేస్తున్నాను. మా ఆవిడ చూసే ప్రూఫులో "కాల్చి" అయిపోతే నా పూచీ లేదు.

ఆటవెలది: మూడో పాదం ఎవరూ చెప్పలేదు.