ఈ పనిలో ఉంటూ సంతోషంగా ఎట్లా ఉంటున్నారు? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళు చెప్పండి

కొర్లగుంట_పిల్ల

అందరికీ నమస్తే. తిరుపతిలో ఒక చిన్న మహిళా సంఘంలో పని చేస్తున్నా. ఇంట్లో కొట్టడాలు, కట్నం గొడవలు, పదో తరగతి అవ్వగానే కుదిరిపోయే పెళ్ళిళ్ళు, ఇట్లాంటివన్నీ మా దగ్గరికి వస్తాయి. పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివేటప్పుడు ఈ పనంటే భలే ఊపు ఉండేది, రాత్రంతా కూర్చుని పోస్టర్లు రాసేవాళ్ళం, రేపో మాపో అంతా మారిపోతుందనే నమ్మకం. ఇప్పుడు ఫోన్ మోగితే గుండె దడ.

మొన్న ఒకావిడ కోసం గృహహింస కేసులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసర్ చుట్టూ తిరిగి, రిపోర్టు రాయించి, కోర్టులో అర్జీ కూడా వేయించాక ఆవిడే వచ్చి "వద్దులేమ్మా, పిల్లల మొహం చూసి సర్దుకుపోతా" అనింది. ఆవిడ మీద కోపం లేదు, ఆవిడ ఇబ్బందులు ఆవిడవి. కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇంకో సంగతి, ఎక్కడైనా సరదాగా ఉంటే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది, పెళ్ళికి పోయి నవ్వుతున్నా లోపల ఏదో పీకుతుంటుంది. జీతం సంగతి అడక్కండి.

యోగా చెయ్యి, ధ్యానం చెయ్యి అని మాత్రం దయచేసి రాయొద్దు. ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్నవాళ్ళు అసలు దేన్ని పట్టుకుని ఉన్నారు?

నీవానది_ఒడ్డు

అమ్మా, నాది చిత్తూరు దగ్గర పల్లె, పొదుపు సంఘంలో చాలాకాలం లీడరుగా చేశా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అమ్మకుండా ఆపేశారని విన్నప్పుడు నేను కొత్త కోడల్ని, మా అత్త "వాళ్ళకి మొగుళ్ళు లేరా" అనింది. మరుసటేడు అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బంద్. 1995లో మొత్తం మద్య నిషేధమే వచ్చింది. 1997లో ఎత్తేశారు! ఇంత కొట్లాడి ఇంతేనా అని అప్పుడు మావాళ్ళు చాలామంది దిగులుపడ్డారు, నేనూ పడ్డా.

కానీ చూడు, నెల్లూరు వైపు సారా ఆగిన ఇళ్ళలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు, పొదుపులక్ష్మి అన్నారు దాన్ని. ఆ గాలి మా వైపూ వీచింది. మందు మళ్ళీ వచ్చింది, ఇంకో సీసాలో. "మీటింగుకి పోతాండా, అన్నం వండిపెట్టినా, పెట్టుకుని తిను" అని మొగుడికి చెప్పి గడప దాటే అలవాటు మాత్రం మళ్ళీ వెనక్కి పోలేదు. మా అత్త కూడా చివర్లో సంఘంలో చేరి అందరికన్నా గట్టిగా అరిచేది, ఆ ముచ్చట ఇంకోసారి.

నువ్వు చెప్పిన ఆమె రేపు మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మాత్రం ఈసారి భయపడుతూ రాదు. ఏ ఆఫీసు, ఏ గది, ఎవరిని అడగాలి, అన్నీ తెలుసు ఆమెకి.

ఇంక సంతోషం అంటావా, మేం లెక్కల పుస్తకం మూసినాక వెంటనే లేవం. బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి, ఇంత కారం, నూనె వేసి కలుపుకుని కూర్చుంటాం. ఎవరి మొగుడు ఎట్లా గొణుగుతాడో యాక్షన్ చేసి చూపించేది ఒకామె ఉంది, ఆమె లేని రోజు మీటింగు చప్పగా ఉంటుంది. ఒకసారి బ్యాంకు ఆఫీసరు వచ్చి "ఏంటమ్మా ఈ గోల" అన్నాడు. లోను కిస్తీలు ఒక్కటి కూడా తప్పలేదని పుస్తకం ముందర పెడితే ఆయనా రెండు బొరుగులు నోట్లో వేసుకున్నాడు.

బైరాగిపట్టెడ_బాబు

పెద్దమ్మ చెప్పింది బాగుంది కానీ నేను వేరేగా చెప్తా, ఏమీ అనుకోవద్దు. ఇది మనసు సమస్య కంటే పని సమస్య. నలుగురు చేయాల్సిన పని ఒకరి నెత్తిన పెట్టి, సగం జీతం ఇచ్చి, పైన "సేవ" అని పేరు పెడతారు. మా అక్క ఇట్లాగే ఒక సంస్థలో చేసి ఒళ్ళు పాడుచేసుకుంది. ముందు ఫోన్ వంతులు వేసుకోండి, రాత్రి పది దాటితే నీ నంబరుకి కాదు, మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయమని చెప్పు, అది ఇరవై నాలుగు గంటలూ ఉండేదే. హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సర్కారు సఖి సెంటర్ ఉన్నదే అందుకు. అన్నీ నేనే చూసుకోవాలనుకుంటే ఎవరికైనా నవ్వు రాదు.

నీవానది_ఒడ్డు

బాబూ, జీతం మాట నిజమే. వంతులు వేసుకోవడం కూడా మంచిదే, కాదనను. కానీ జీతం పెరిగినా పక్కన మనిషి లేకుంటే ఈ పని చేయలేం.

చంద్రగిరి_మాష్టారు

నేను హైస్కూల్లో తెలుగు చెప్తా. మగపిల్లలతో ఈ విషయాలు మాట్లాడాలంటే మొదట్లో ఏం తోచేది కాదు, నీతులు మొదలుపెడితే వెనక బెంచీ నిద్రపోతుంది. ఒక ఏడు గంగమ్మ జాతర ముందర ఊరికే అడిగా, మీలో ఎవరెవరు చీర కట్టుకుంటున్నారు అని. సగం చేతులు లేచాయి. ఎందుకు కట్టుకుంటారో చెప్పమంటే కథ వాళ్ళే చెప్పారు: కంటబడిన ఆడపిల్లనల్లా చెరబట్టే పాలెగాడు, వాడు దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషం వేసుకుని వెతకడం, చివరికి దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి తల నరకడం. సరే, మరి ఇప్పటి పాలెగాడు ఎట్లా ఉంటాడు అన్నాను. బస్టాండు దగ్గర ఫోటోలు తీసేవాడు, ఇన్‌స్టాలో దొంగ అకౌంటు పెట్టేవాడు, ఒకడైతే లేచి "మా మామ సార్" అన్నాడు. క్లాసు గమ్మునయిపోయింది.

ఆ పిల్లాడి సంగతి తర్వాత వాళ్ళ అమ్మతో విడిగా మాట్లాడాం, అది ఇక్కడ రాయను. నాకు పట్టు దొరికింది మాత్రం ఆ రోజే. తిరుపతిలో మగాళ్ళు ఏటా మే నెలలో చీర కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని వీధుల్లో తిరుగుతారు, ఇంటికొచ్చాక తిన్న కంచం మాత్రం కడగరు! ఇది కూడా క్లాసులో అన్నాను, ఆడపిల్లలు పడీ పడీ నవ్వారు. మీరు నవ్వితే తప్పేమో అంటున్నారు కదా, నా అనుభవంలో ఆ నవ్వు తర్వాతే పిల్లలు నోరు విప్పారు.

మామిడితోట_వకీలు

గృహహింస కేసు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, నవ్వకండి. కేసు గెలుపోటములు చూసుకుని సంతోషపడాలంటే మా వృత్తిలో ఎవరూ మిగలరు.

నేను చూసుకునేది కాలం. పిత్రార్జితంలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా అని మన రాష్ట్రం 1986లోనే సవరణ తెచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళని వదిలేసి. కేంద్రం 2005లో తెచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. ఇన్నేళ్ళూ మనవైపు జరిగింది ఏంటంటే, పసుపు కుంకుమ పెట్టి, చీర పెట్టి, వాటా వదులుకుంటున్నానని రాసే రిలీజ్ డీడ్ మీద ఆడబిడ్డ చేత సంతకం పెట్టించుకోవడం.

ఈమధ్య రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకామె, యాభై పైనే ఉంటాయి, అన్నదమ్ములు పెన్ను చేతిలో పెడితే మూత తీసి, మళ్ళీ పెట్టేసి, "మొత్తం చదివి వినిపించు నాయనా" అని డాక్యుమెంట్ రైటర్‌ని అడిగింది. అతను చదివాడు. తోటలో తన వాటా ఎంతని అడిగింది. అన్న మొహం చూడాలి! సంతకం చేయకుండా చీర మాత్రం తీసుకుని వెళ్ళిపోయింది. నా క్లయింటు కూడా కాదు ఆమె. నాకు ఆ వారమంతా హుషారే.

కొర్లగుంట_పిల్ల

చీర తీసుకుని వెళ్ళిపోవడం చదివి పకపకా నవ్వేశా, మా మేడం ఏంటని అడిగితే ఆఫీసులో అందరికీ చదివి వినిపించా. ఫోన్ వంతుల సంగతి కూడా ఈరోజే కదిపా, ఇద్దరు ఒప్పుకున్నారు, జీతం మాట వచ్చేసరికి టాపిక్ మార్చారు. బాబూ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. పెద్దమ్మా, మీ మీటింగుకి ఒకసారి రావచ్చా?

నీవానది_ఒడ్డు

రా తల్లీ, దానికి అడగాలా. వచ్చేటప్పుడు ఉల్లిపాయలు తీసుకురా, ఇక్కడ ధర మండిపోతోంది.

పలమనేరు_అక్క

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, వకీలు గారూ. మా చెల్లెలు పని చేసే బట్టల కొట్టులో ఆరుగురే ఉంటారు, ఓనరే ఇబ్బంది పెడుతున్నాడు. పనిచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ అంటే పెద్ద కంపెనీలకే కదా?

మామిడితోట_వకీలు

కాదండీ. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట, లేదా ఓనర్ మీదే ఫిర్యాదు అయితే, జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది, 2013 చట్టం ప్రకారం. జరిగిన మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి, గట్టి కారణం ఉంటే వాళ్ళు ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే. తేదీలు, మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయొద్దని ఈరోజే చెప్పండి.