ప్రమాదం తర్వాత ఐసీయూలో సైటోమెగలోవైరస్: ఇది ఆసుపత్రిలో అంటుకున్నదేనా?

ప్రశ్న (రోగి అన్న):
లారీ ఢీకొని తొడ ఎముక, కటి ఎముకలు విరిగిన మా తమ్ముడు మూడు వారాలుగా ఐసీయూలో ఉన్నాడు. రెండు ఆపరేషన్లు అయి, ఇక గండం గడిచిందనుకుంటుండగా జ్వరంతో పాటు నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం పడలేదని మొదట అన్నారు. తర్వాత యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే బ్యాక్టీరియా జబ్బేమోనని మలపరీక్ష చేయిస్తే అదీ కాదని తేలింది. చివరికి కొలనోస్కోపీలో (పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) పెద్దపేగు పుండ్ల నుంచి ముక్క తీసి, సైటోమెగలోవైరస్ అని నిర్ధారించారు. ఇది ఆసుపత్రిలో అంటుకున్నదా? మా ఆవిడకు నాలుగో నెల. ఆమె చూడటానికి రావచ్చా?

సమాధానం (జీర్ణకోశ వైద్యుడు):
రక్తం ఎక్కించినప్పుడు రావడానికి అవకాశం ఉన్నా, ఎక్కువగా జరిగేది వేరు. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికులకు ఈ వైరస్ ఎప్పుడో సోకి, ఏ లక్షణమూ లేకుండా ఒంట్లోనే అణగి ఉంటుంది. పెద్ద గాయం తగిలాక రోగనిరోధక శక్తి కుంగిపోయి, దానికి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ప్రభావం చూపి అవయవాలను దెబ్బతీసే స్థితి), స్టెరాయిడ్లు తోడైనప్పుడు అది మళ్లీ విజృంభించి, పేగులోని సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీయడంతో పుండ్లు పడి నెత్తురు పోతుంది. అరుదుగా పేగుకు రంధ్రమూ పడవచ్చు. ముక్క తీసి చూడటం సరైన నిర్ణయం, ఎందుకంటే రక్తంలో వైరస్ కనిపించినంత మాత్రాన పేగు జబ్బుకు అదే కారణమని చెప్పలేము. ఈ వైరస్‌ను అణచే గాన్‌సిక్లోవిర్ ఇంజెక్షన్‌ను సాధారణంగా కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకసారి, 2 నుంచి 3 వారాల పాటు ఇస్తారు. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే మోతాదు తగ్గిస్తారు.

మీ ఆవిడ రావచ్చు. ఇది గాలి ద్వారా కాక లాలాజలం, మూత్రం, రక్తం వంటి వాటి ద్వారా వ్యాపిస్తుంది కనుక డైపర్లు మార్చడం ఆమెకు అప్పగించకండి, చేతులు సబ్బుతో కడుక్కోమనండి, ఆమె డాక్టరుకూ చెప్పండి. తర్వాత ఇంజెక్షన్ బదులు అదే కోవకు చెందిన వాల్‌గాన్‌సిక్లోవిర్ మాత్రలకు మారిస్తే, గర్భంలోని బిడ్డకు హాని చేయగల మందు కాబట్టి ఆమె వాటిని నలపకూడదు.

సమాధానం (కాలిన గాయాలతో నాన్నగారిని చేర్చిన కుమార్తె):
మా నాన్నగారికీ ఇదే వచ్చింది. మందు మొదలైన వారానికి తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి, రెండు రోజులు ఆపవలసి వచ్చింది; అందువల్ల రక్తపరీక్ష ఎన్నాళ్లకొకసారి చేస్తున్నారో అడుగుతూ ఉండండి. విరేచనాలు కట్టే మాత్ర వేయమని నేనే పోరాను. అలా కడితే పేగు ఉబ్బి ప్రాణం మీదికి రావచ్చని డాక్టరుగారు మందలించారు.

రోగి అన్న:
నిన్నటి నుంచి గాన్‌సిక్లోవిర్ ఇస్తున్నారు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో 1.8 ఉంది. మోతాదు దానికి తగ్గట్టు సరిచేశారో లేదో రేపు ఉదయం రౌండ్స్‌లో అడుగుతాను.