ఇన్సులిన్ వేసుకోవడం పేషెంట్లకు మీరెలా నేర్పుతున్నారు?

వార్డుసిస్టర్:
మెడికల్ వార్డులో ఆరేళ్లుగా చేస్తున్నాను. మొన్న ఒక పెద్దాయన డిశ్చార్జ్ అయిన వారానికే షుగర్ 400 దాటి మళ్లీ వచ్చారు. వెళ్లేటప్పుడు ఇన్సులిన్ గురించి చెప్పింది నేనే. "అర్థమైందా తాతా?" అంటే "ఆ, అయిందమ్మా" అన్నారు. ఈసారి సిరంజి చేతికిచ్చి మందు తీయమన్నాను. ఆయనకు గీతలే కనపడటం లేదు! ఇంట్లో అందాజుగా తీసుకుంటున్నారట. చూపు ఎలా ఉందో ముందే అడగనందుకు చాలా బాధగా ఉంది. మీరంతా ఎలా చేస్తున్నారు?

నైట్‌డ్యూటీ:
అక్కా, నేను "అర్థమైందా" అని అడగడం మానేశాను. "ఇంటికెళ్లాక మీ కోడలికి ఎలా చెప్తారో నాకు చేసి చూపించండి" అంటాను. ఒకామె అన్నీ సరిగ్గా చెప్పింది, చివర్లో ఇన్సులిన్ పెన్ను సూదికుండే లోపలి మూత తీయకుండానే పొట్టకు ఆనించింది. చూడకపోతే నాకు తెలిసేదే కాదు.

పల్లెనర్సు:
సీసా, సిరంజి రెండూ తెమ్మనండి. సీసా మీద 40 (అంటే ఒక మి.లీ.లో 40 యూనిట్లు) ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఉంటే నారింజ మూతది. 100 సీసాలోంచి 40 సిరంజితో తీస్తే 20 యూనిట్లు అనుకున్నది 50 అవుతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఇంకోటి, ఫ్రిజ్ ఉందా అని అడిగితే మొహమాటానికి ఉందంటారు. నేను "పాలు ఎక్కడ పెడతారమ్మా?" అని అడుగుతాను. ఫ్రిజ్ లేదని తెలిస్తే, వాడుతున్న సీసాను నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి మట్టికుండలో ఉంచమంటాను.

షుగర్‌ఓపీ:
ముందు పొట్ట తడిమి చూడండి. నొప్పి తెలియదని రోజూ ఒకేచోట పొడుచుకుంటారు. అక్కడ గడ్డలు కట్టి మందు సరిగా ఒంటికి పట్టదు, షుగర్ తగ్గట్లేదని డోసు పెంచుకుంటూ పోతారు. చోటు మార్చమనేముందు డాక్టరుగారికి చెప్పండి, అదే డోసు కొత్త చోట వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పాలి. శనివారాలు ఒక్కపొద్దు ఉంటారేమో కూడా అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

కొత్తస్టాఫ్:
మేడం, 40 మందికి ఇద్దరం ఉంటాం. ఇంత చెప్పడానికి టైం ఎక్కడిది?

నైట్‌డ్యూటీ:
డిశ్చార్జ్ రోజు దాకా ఆగకు చెల్లీ. ఎలాగూ మనం డోసు వేయాలి కదా, మొదటి రోజు నుంచీ మన ముందే వాళ్ల చేత తీయించు. రోజుకు రెండు డోసులైతే మూడు రోజుల్లో ఆరుసార్లు చేతికి అలవాటవుతుంది. ఎన్ని యూనిట్లు తీశారో చూసుకున్నాకే వేయనివ్వు.

వార్డుసిస్టర్:
అందరికీ థాంక్స్. ఆ తాత మనవరాలు తొమ్మిదో క్లాసు. ఈ ఉదయం ఆ పిల్లే 18 యూనిట్లు సరిగ్గా తీసి, గాలి బుడగ కూడా పోగొట్టింది. సాయంత్రం డోసుకు వాళ్ల అమ్మను కూడా తీసుకురమ్మన్నాను.