ప్రగతి పత్రంలో ఒక్క ముక్క రాసి పంపితే ఏం చేయాలి?

ప్రశ్న (ఒక తల్లి, ఖమ్మం):
ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి సంగ్రహణాత్మక పరీక్షలో (టర్ము చివర పెట్టే పెద్ద పరీక్షలో) గణితంలో 80కి 31 మార్కులు వచ్చాయి. ప్రగతి పత్రంలో ‘శ్రద్ధ అవసరం’ అని మాత్రమే రాశారు. సమావేశంలో అందరి ముందూ ఆ మార్కులు చదివినప్పటి నుంచి పిల్ల పుస్తకం తెరవడానికే జంకుతోంది. ఉపాధ్యాయులను నొప్పించకుండా ఏమని అడగాలో దయచేసి చెప్పండి.

జవాబు (గణిత ఉపాధ్యాయుడు):
అమ్మా, ముందు జవాబు పత్రం చూపించమని అడగండి. అలా అడగడం ఎవరినీ తప్పుపట్టడం కాదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఏడాది పొడవునా మధ్యమధ్యలో పిల్లల చదువును అంచనా వేసే పద్ధతిలో, లఘు పరీక్షతో పాటు తరగతిలో భాగస్వామ్యానికి, రాత పనులకు, ప్రాజెక్టులకు కూడా మార్కులుంటాయి కనుక, వాటిలో బాగా చేసిన పిల్ల పెద్ద పరీక్షలో వెనకబడితే, లోపం అవగాహనలో ఉందా, రాసే వేగంలో ఉందా, భయంలో ఉందా అన్నది ఆ రెండు రకాల మార్కులనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఒకే రాత్రి తరగతి మొత్తానికి పత్రాలు నింపుతూ నేనూ ఆ ఒక్క ముక్కే రాసిన రోజులున్నాయి. అది పిల్లలకు అన్యాయమని ఇప్పుడు అనిపిస్తుంది.

జవాబు (ఒక తండ్రి, గుంటూరు):
2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. అయినా చట్టం పేరెత్తి మాట మొదలుపెట్టవద్దు. మార్కులు విడిగా చెప్పమని కోరితే చాలామంది ఉపాధ్యాయులు ఒప్పుకుంటారు.

అడిగిన తల్లి:
జవాబు పత్రం చూశాను. బీజగణితంలో ధన, రుణ గుర్తుల దగ్గరే 11 మార్కులు పోయాయి. రేపటి నుంచి అవే లెక్కలు ఇద్దరం కలిసి చేస్తాం.