ఆఫీసు లంచ్‌లో క్లైమేట్ గొడవ: కొత్తగా వచ్చినవాడు ఏం మాట్లాడాలి?

(అమెరికా తెలుగువాళ్ల చర్చ. పేర్ల బదులు ఎవరి ఊరి పేరు వాళ్లకు పెట్టాం.)

హ్యూస్టన్, కొత్తగా వచ్చినవాడు:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే హెచ్-1బీ మీద హ్యూస్టన్ వచ్చాను, ఆయిల్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ చేసే టీమ్‌లో ఉన్నాను. లంచ్ టైమ్‌లో రోజూ ఒకటే గొడవ. మా మేనేజర్ క్లైమేట్ చేంజ్ అంతా బూటకం అంటాడు, మా లీడ్ ఆ మాట వింటే ప్లేటు పట్టుకుని లేచిపోతుంది. మొన్న మేనేజర్ నావైపు తిరిగి "మీ ఇండియా బొగ్గు తగలబెడుతూనే ఉంటుంది, రూల్స్ మాత్రం మాకా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను, కానీ టెన్షన్‌గా ఉంది. పైగా లీడ్ ఒక అభ్యర్థికి విరాళం ఇమ్మని లింక్ పంపింది. అసలు ఎండ ఎంత పెరిగిందన్న దానికి పార్టీ ఏంటి? ఎవరైనా వెనక కథ చెబుతారా?

కేటీ:

తమ్ముడూ, వెల్‌కమ్. నేను జియాలజీ చదివి ఇక్కడి ఆయిల్ కంపెనీల్లోనే జుట్టు నెరిపించుకున్నవాణ్ని, ఇలాంటి లంచ్‌లు చాలా తిన్నాను. ఒక్కటి గమనించు. ఎవరైనా ఈ విషయం ఎత్తితే వాళ్ల బాధ వేడి గురించా, ఖర్చు గురించా అని చూడు. పైకి "ఈ సైన్స్ నేను నమ్మను" అంటారు, లోపల ఉన్నది చాలాసార్లు "నా ట్రక్కుకి రూల్ పెట్టడానికి వాషింగ్టన్ వాడెవడు" అన్న కోపం. ఈ రెండూ కలిపేసి మాట్లాడితే గొడవ తెగదు.

సైన్స్ సంగతికొస్తే అందులో పార్టీ లేదు. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని జాన్ టిండాల్ 1859లోనే ల్యాబ్‌లో కొలిచాడు. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలతలు మొదలైనప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అగ్నిపర్వతాల వల్ల అయ్యుండొచ్చుగా అంటారు. అలా కాదని చెప్పే గుర్తులు ఆ కార్బన్‌లోనే ఉన్నాయి. బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల నాటి జీవాల నుంచి వచ్చినవి, వాటిలో కార్బన్-14 అనే రకం కాలంతో తరిగి ఎప్పుడో అయిపోయింది, కార్బన్-13 అనే ఇంకో రకం పాలు కూడా తక్కువ. వాటిని కాల్చితే గాలిలో ఈ రెండూ పలచబడాలి, అలాగే పలచబడ్డాయి. సూర్యుడే కారణమైతే గాలిలో పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి, అది చల్లబడుతోంది. ఇంకా అనుమానం ఉన్నవాళ్లకు రిచర్డ్ ముల్లర్ సంగతి చెప్పు. బర్కిలీలో ఫిజిక్స్ ప్రొఫెసర్, పాత లెక్కల మీద గట్టిగా అనుమానపడినవాడు. చమురు వ్యాపారి చార్లెస్ కోక్ ఫౌండేషన్ డబ్బు కూడా కొంత తీసుకుని ఉష్ణోగ్రతల లెక్కంతా మొదటి నుంచి మళ్లీ వేశాడు. 2012లో, వేడి పెరిగింది నిజమే, కారణం దాదాపు మొత్తం మనుషులే అని తేల్చాడు. ఆ మాటకొస్తే ఆయిల్ కంపెనీ ఎక్సాన్ సొంత సైంటిస్టులే 1970ల చివర్లో, 80ల్లో వేడి ఎంత పెరుగుతుందో లెక్కలు కట్టి పెట్టుకున్నారు, అవి పెద్దగా తప్పలేదు కూడా.

మరి పార్టీ ఎక్కడ దూరింది? మొదట్లో లేదు. కాలుష్యాన్ని అదుపుచేసే ఫెడరల్ సంస్థ ఈపీఏని 1970లో పెట్టింది నిక్సన్, రిపబ్లికనే. ఆ ఏడు క్లీన్ ఎయిర్ చట్టం సెనేట్‌లో 73-0తో పాసైంది. 1992లో వాతావరణ మార్పు మీద రియో ఒప్పందానికి సంతకం పెట్టింది సీనియర్ బుష్, ఆయనా రిపబ్లికనే. ఇంకోవైపు చూడు, 1997లో ఇండియా, చైనా లాంటి దేశాలకు షరతులు లేకుండా మా మీదే పెడితే ఒప్పుకోం అని సెనేట్ తీర్మానం చేస్తే 95-0, డెమోక్రాట్లూ అందులో ఉన్నారు. మీ మేనేజర్ అడిగిన ప్రశ్నకు అంత వయసుంది. 2008లో కూడా రిపబ్లికన్ న్యూట్ గింగ్రిచ్, డెమోక్రాట్ నాన్సీ పెలోసీ ఒకే సోఫాలో కూర్చుని ఇద్దరం కలిసి దీని సంగతి చూడాలి అని టీవీ ప్రకటన చేశారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

బిగుసుకుంది 2009-10లో. కార్బన్‌కి పరిమితి పెట్టే బిల్లు హౌస్‌లో 219-212తో గట్టెక్కింది, సెనేట్‌లో ఓటింగ్ దాకా కూడా రాలేదు. 2010 ఎన్నికల్లో ఆ బిల్లు కాగితాన్ని రైఫిల్‌తో కాల్చి ప్రకటన చేసిన జో మాంచిన్ ఎవరనుకున్నావ్? వెస్ట్ వర్జీనియా డెమోక్రాట్. అది బొగ్గు రాష్ట్రం మరి. కాంగ్రెస్ కొత్త చట్టం చేయకపోవడంతో ప్రతి ప్రెసిడెంటూ పాత క్లీన్ ఎయిర్ చట్టాన్నే లాగి పీకి వాడుకోవడం మొదలైంది. గ్రీన్‌హౌస్ వాయువులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయని 2007లో సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది, వీటి వల్ల జనానికి హాని ఉందని 2009లో ఈపీఏ రాసింది, 2015లో ఒబామా పవర్ ప్లాంట్లకు రూల్ తెస్తే 2016లో కోర్టు ఆపేసింది, 2022లో 6-3తో ఈపీఏకి అంత అధికారం లేదంది, 2025 జూలైలో ట్రంప్ ప్రభుత్వం ఆ 2009 నాటి నిర్ణయాన్నే ఎత్తేస్తామని ప్రతిపాదించింది. కార్బన్ తగ్గించడానికి దేశాలన్నీ చేసుకున్న పారిస్ ఒప్పందమైతే అద్దె ఇల్లే అయిపోయింది, ఒక ప్రెసిడెంటు ఖాళీ చేస్తారు, ఇంకొకరు వచ్చి దిగుతారు.

ప్లానో:

అన్నగారూ, సైన్స్ దాకా మీ మాట ఒప్పుకుంటాను. నేను రిపబ్లికన్లకు ఓటేసేవాణ్నే, అయినా ఒప్పుకుంటాను. కానీ ఆ 2022 తీర్పు గురించి ఒక్క ముక్కలో చెప్పి పోతే ఎలా? కోర్టు వేడి పెరగట్లేదు అనలేదు. దేశం మొత్తం కరెంటు ఎలా తయారుకావాలో మార్చేసేంత పెద్ద నిర్ణయం తీసుకోవాలంటే కాంగ్రెస్ స్పష్టంగా చెప్పాలి, పాత చట్టంలో ఒక మూలనున్న సెక్షన్ పట్టుకుని ఆఫీసర్లు చేసేది కాదు అంది. అందులో తప్పేముంది? రేపు ఇంకో ప్రెసిడెంటు వచ్చి అదే కలంతో ఇంకేదో రాస్తే అప్పుడు వీళ్లే గగ్గోలు పెడతారు.

ఇంకోటి. 2005తో పోలిస్తే ఈ దేశంలో కరెంటు, ఇంధనాల వల్ల వచ్చే కార్బన్ బాగానే తగ్గింది, పెద్ద కారణం బొగ్గు పోయి గ్యాస్ రావడం. ఆ గ్యాస్ ఎక్కడిది? నీటి ఒత్తిడితో భూమి లోపలి రాయిని పగలగొట్టి తీసే ఫ్రాకింగ్‌ది, పర్యావరణం వాళ్లు వద్దని ధర్నాలు చేసిన ఫ్రాకింగ్‌ది. భూమి మండిపోతోందని అంత భయం ఉన్నవాళ్లు నడుస్తున్న న్యూక్లియర్ ప్లాంట్ మూయిస్తారా? న్యూయార్క్ దగ్గర ఇండియన్ పాయింట్‌ని 2021లో మూసేశారు, ఆ లోటు ఎక్కువగా గ్యాసే పూడ్చింది. నాకు అర్థం కానిది ఇదే. మా టెక్సస్‌లో నీతులు చెప్పకుండానే దేశంలో అందరికంటే ఎక్కువ గాలి కరెంటు చేస్తున్నాం.

సాక్రమెంటో:

ప్లానో గారూ, న్యూక్లియర్ విషయంలో మీరన్నది నిజం, మా వాళ్లు తలకిందులుగా ఆలోచించారు. 2025కల్లా మూసేద్దామనుకున్న మా కాలిఫోర్నియా న్యూక్లియర్ ప్లాంట్ డయాబ్లో కాన్యన్‌ని 2022లో మళ్లీ చట్టం చేసి పొడిగించారు, డెమోక్రాట్ గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టిందే. మా కరెంటు బిల్లు కూడా మీకంటే దాదాపు రెట్టింపు, దాచేదేం లేదు. కాకపోతే ఆ బిల్లులో గ్రీన్ రూల్స్ వాటా ఎంత, కార్చిచ్చుల ఖర్చు ఎంత అని విడదీసి చూడాలి. 2018లో కరెంటు తీగ వల్ల అంటుకున్న కార్చిచ్చులో పారడైజ్ ఊరు ఊరంతా కాలిపోయి 85 మంది చనిపోయారు. ఆ తర్వాత తీగలు భూమిలోకి దించడం, చెట్లు కొట్టడం, పరిహారాలు, అన్నీ వచ్చి మా బిల్లులోనే పడ్డాయి. రూల్ పెడితే ఖర్చే, పెట్టకపోయినా ఖర్చే, రెండో రకం ఖర్చుకి ఎవరూ ప్రెస్ మీట్ పెట్టరు అంతే.

కేటీ:

ప్లానో తమ్ముడూ, కోర్టు సంగతి నువ్వు చెప్పింది న్యాయమే, ఆ వాదన గట్టిది. కానీ "నీతులు చెప్పకుండానే" అన్నావే, అక్కడ ఆగాలి. టెక్సస్‌లో గాలి కరెంటు ఊరికే రాలేదు. 1999లో గవర్నర్‌గా జూనియర్ బుష్ సంతకం పెట్టిన చట్టంలో ఇంత పునరుత్పాదక కరెంటు పెట్టి తీరాలని లక్ష్యం ఉంది. ఆ తర్వాతి గవర్నర్ రిక్ పెర్రీ హయాంలో పడమటి నుంచి ఊళ్లకు సుమారు 700 కోట్ల డాలర్ల లైన్లు వేసి ఆ ఖర్చు కరెంటు వాడేవాళ్లందరి మీదా వేశారు. ఇది గవర్నమెంటు రూల్ కాక ఇంకేంటి? 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయినప్పుడు గవర్నర్ ఆబట్ మొదట టీవీలో గాలిమరల మీద, సోలార్ మీద తోశారు. తీరా చూస్తే ఆగిపోయిన వాటిలో ఎక్కువ గ్యాస్ ప్లాంట్లు, గడ్డకట్టిన గ్యాస్ బావులు, పైపులు. రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది పోయారు. ప్లాంట్లను చలికి తట్టుకునేలా చేసుకోమని అంతకు పదేళ్ల ముందే, 2011 చలి తర్వాత, ఫెడరల్ వాళ్లు సలహా ఇచ్చారు. సలహా కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2021లో ఇదే రిపబ్లికన్ అసెంబ్లీ దాన్ని చట్టం చేసింది.

అర్వింగ్:

చర్చ బాగుంది కానీ అబ్బాయి అడిగిన అసలు ముక్క అందరూ వదిలేశారు. బాబూ, ఆ విరాళం లింక్ నొక్కకు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఏ ఎన్నికకూ, ఫెడరల్ కానీ సిటీ కౌన్సిల్ కానీ, డబ్బు ఇవ్వడం చట్టవిరుద్ధం. ఆ డబ్బు అడగడం, తీసుకోవడం కూడా తప్పే, కాబట్టి "వీసా వల్ల ఇవ్వకూడదు" అని చెబితే మీ లీడ్ ఇంకోసారి అడగదు. గ్రీన్ కార్డ్ వచ్చాక ఇవ్వొచ్చు, ఓటు మాత్రం సిటిజన్ అయ్యాకే. డ్రైవింగ్ లైసెన్స్‌కి వెళ్లినప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని ఫారంలో ఉంటుంది, అక్కడ నో అనే పెట్టు, తొందరలో యెస్ పెట్టి తర్వాత గ్రీన్ కార్డ్ దగ్గర ఇరుక్కున్నవాళ్లున్నారు. సోషల్ మీడియాలో నువ్వేం రాస్తావో నీ ఇష్టం, నేనైతే వీసా స్టాంపింగ్ అయ్యేదాకా ఏ పార్టీనీ తిట్టను, పొగడను. పిరికితనం అంటారేమో, అనుకోనీ.

హ్యూస్టన్, కొత్తగా వచ్చినవాడు:

అక్కా, చాలా థాంక్స్, ఆ లింక్ డిలీట్ చేశాను. కేటీ అన్నా, ఇండియా గురించి మళ్లీ అడిగితే ఏం చెప్పాలి? మన దగ్గర ఇలా పార్టీల గొడవ లేదు కదా? ఇంకోటి, మీ కేటీ ఊరి వైపే ఒక అపార్ట్‌మెంట్ చూస్తున్నాను, గ్రౌండ్ ఫ్లోర్, రెంట్ తక్కువ.

కేటీ:

ఇండియా గురించి అడిగితే దేశాన్ని వెనకేసుకు రావాలని కంగారు పడకు, ఉన్న లెక్క చెప్పు. ఏటా కార్బన్ వదలడంలో మొత్తం మీద చైనా, అమెరికా తర్వాత మూడో స్థానం మనదే. తలకి లెక్కేస్తే మనిషికి ఏడాదికి ఇండియాలో రెండు టన్నుల చిల్లర, ఇక్కడ దాని కంటే ఆరేడు రెట్లు. ఇప్పటిదాకా గాలిలోకి వదిలినదంతా కూడితే అమెరికాదే అందరికంటే పెద్ద వాటా, దాదాపు పావు వంతు. మనవైపు కూడా ఒప్పుకోవాల్సింది ఉంది. కరెంటు కెపాసిటీలో సగం బొగ్గు, గ్యాస్ కానిదే అని 2025లో గవర్నమెంటు ప్రకటించింది, కానీ నిజంగా ఇళ్లకు వచ్చే యూనిట్లలో మూడింట రెండొంతులకు పైగా ఇంకా బొగ్గువే. వదిలేదీ తిరిగి పీల్చుకునేదీ సమానం కావడం, అదే నెట్ జీరో, 2070కల్లా అన్నాం. రెండు పక్కలా చెప్పావంటే మీ మేనేజర్ కూడా వింటాడు, వాళ్లు ఇంజనీర్లు, అంకెలంటే గౌరవం ఉంటుంది.

గొడవ లేదు అనకు, ఉంది, రూపం వేరు. 2019లో ఆంధ్రలో ప్రభుత్వం మారగానే, అంతకుముందు ప్రభుత్వం చేసుకున్న సోలార్, విండ్ ఒప్పందాల్లో యూనిట్ రేటు ఎక్కువుందని తిరగరాయడానికి కమిటీ వేశారు, కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి, పాత రేటే కట్టమని 2022లో కోర్టు చెప్పింది. అన్ని రోజుల గొడవలో ఏ పార్టీవాడూ ఎండలు పెరగట్లేదు అనలేదు, రేటు ఎంత, లాభం ఎవరికి అనే కొట్టుకున్నారు. 2015 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయాక ఆ మాట అనే ధైర్యం ఎవరికుంటుంది? ఇక్కడ కూడా అలా రేటు దగ్గరే కొట్టుకుంటే బాగుండేది.

అపార్ట్‌మెంట్ విషయం. కేటీ వైపు అన్నావు కాబట్టి ఆడిక్స్, బార్కర్ అని రెండు రిజర్వాయర్లున్నాయి, మామూలు రోజుల్లో ఎండిపోయి పార్కుల్లా ఉంటాయి, చూస్తే రిజర్వాయర్ అని తెలీదు. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు అవి నిండి వెనక్కి తన్ని వేల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, ఆ ఇళ్లు కొన్నవాళ్లలో చాలామందికి తాము రిజర్వాయర్ పరిధిలో ఉన్నామనే తెలీదు. విపత్తులు చూసే ఫెడరల్ సంస్థ ఫెమా వరద మ్యాప్‌లో ఆ అడ్రస్ కొట్టి చూడు, కానీ హార్వీలో మునిగిన ఇళ్లలో చాలా భాగం ఆ మ్యాప్ ప్రమాదం అన్న గీత బయటివే, అందుకని లీజింగ్ ఆఫీసులో 2017లో ఇక్కడ నీళ్లొచ్చాయా అని మొహం మీదే అడుగు. మామూలు రెంటర్స్ ఇన్సూరెన్స్ వరద నీటికి పనికిరాదు, ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి, నీ సామాన్ల వరకే తీసుకోవచ్చు. ఫెడరల్ పాలసీ అయితే మామూలుగా కట్టిన 30 రోజులకు గానీ అమల్లోకి రాదు, తుఫాను టీవీలో కనిపించాక కట్టి లాభం లేదు. తుఫాన్ల సీజన్ జూన్ 1న మొదలవుతుంది, మే మొదటికల్లా పని పూర్తిచేసుకో. నన్నడిగితే రెండో ఫ్లోర్ తీసుకో. ఏ కాంప్లెక్సో పేరు ఇక్కడ రాయకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టు, శనివారం నేనే వచ్చి చూపిస్తాను.